నేతవీధిలో తడి పడుగు

1968. శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న మునిసిపాలిటీ. నేనక్కడ టౌన్ సర్వేయర్‌ని. సర్వేయర్ అంటే జనం అనుకునేంత పెద్ద ఉద్యోగమేమీ కాదు. కొలవడానికి ఇనప గొలుసు ఒకటి, దాన్ని లాగడానికి చైన్‌మన్ ఒకడు, ఎండకి కమిలిన మొహం ఒకటి, అంతే నా ఆస్తి. ఏ వీధికెళ్ళినా సగంమంది మజ్జిగిచ్చేవారు, సగంమంది శాపనార్థాలు పెట్టేవారు.

ఆ ఏడు కొత్త బస్టాండు నుంచి బొబ్బిలి రోడ్డులోకి దగ్గరదారి వెయ్యాలనుకున్నారు. అది సరిగ్గా నేతవీధిలోంచి పోవాలి. వీధి ఇరుకు, వెడల్పు చెయ్యాలి. దానికి ల్యాండ్ అక్విజిషన్, అంటే ప్రజావసరం పేరు చెప్పి, పరిహారమిచ్చి, మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా సర్కారు స్థలం తీసుకోవడం. రోడ్డు పోయే గీతని అలైన్‌మెంట్ అంటాం. మా ఇంజనీరుగారి గీత పడమటి వరస ఇళ్ళని కొరికేసింది, తూర్పు వరసని ముట్టుకోలేదు. ఒక్క వరసతో సరిపెడితే గొడవ సగమే ఉంటుందని ఆయన ఉద్దేశం. మహానుభావుడు!

ఆ ఇళ్ళ ముందుగదుల్లోనే గుంటమగ్గాలున్నాయి. నేలలో గుంట తవ్వుకుని, అందులోకి కాళ్ళు దించి నేస్తారు. ముందుగది పోతే మగ్గం పోయినట్టే. మగ్గం పోతే ఇంక తిండేదీ?

వీధికి ఒక సంఘం ఉండేది. ప్రెసిడెంటు అప్పలస్వామిది తూర్పు వరస. నోటీసులు రాగానే పడమటివాళ్ళు ఆయన గుమ్మం ముందు చేరారు. వాళ్ళ తరఫున మాట్లాడిన సూరయ్య అప్పలస్వామికి సొంత బావమరిది.

“ఏటి బావా, మా కొంపలు పోతంటే బెల్లంకొట్టిన రాయిలాగ కూకున్నావేటి?”

“నానేటి సేస్తాను బావా? గీత గవర్మెంటోలు గీసినారు.”

“నీ వరస మీద గీసుంటే ఇలగే అందువా?”

అంతే. పడమటి వరస వేరే సంఘం పెట్టుకుంది. ఒక సంఘం నాకు అర్జీ ఇస్తే రెండోది ఎదురర్జీ ఇచ్చేది. నేను ఎవరి ఇంట్లో మంచినీళ్ళు తాగినా రెండో వరసవాళ్ళకి కోపం. అన్నిటికన్నా అన్యాయం, వీధిలో పడుగులు ఆగిపోయాయి.

పడుగంటే మగ్గానికెక్కే నిలువు దారాలు. వాటికి గంజి పట్టించి, వీధి పొడవునా సాగదీసి, ఇరువైపులా ఎదురెదురుగా నిలబడి కుంచెలతో దువ్వుతారు. ఆరేలోగా దువ్వకపోతే దారాలు అతుక్కుని అట్టకట్టిపోతాయి. అది ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు, ఒక వరస వల్ల కూడా కాదు. పంతాలకి పోయి ఎవరూ ఎవర్నీ పిలవడం లేదు. ఎన్నడూ లేనిది, ఆ వీధిలో మగ్గాల చప్పుడే లేదు.

హద్దురాళ్ళు పాతించడానికి ఒకరోజు పొద్దున్నే నేనూ చైన్‌మనూ వెళ్ళాం. పడమటి వరసలో ఉండే దాలమ్మ అనే ముసలామె, కోడలి సాయంతో గంజి కారుతున్న పడుగుని వీధిలోకి మోసుకొస్తోంది. కొయ్యలకి కట్టి, అటూ ఇటూ చూసి గొంతెత్తింది.

“తడి పడుగొచ్చినాదిరోయ్!”

ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. తడి పడుగు బయటికొచ్చిందంటే అది పగవాడిదైనా సరే, ఇంట్లో కూర్చోకూడదు, వచ్చి చెయ్యి వెయ్యాలి. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. ముందు సూరయ్య వచ్చాడు. ఎదురింటి గుమ్మంలో అప్పలస్వామి కాసేపు తటపటాయించి, కుంచె పట్టుకుని దిగాడు. పడుక్కి అటు కొందరు, ఇటు కొందరు. అడుగులో అడుగు కలవాలి, లేకపోతే దారాలు తెగుతాయి. అడుగులైతే కలిశాయి గానీ మొహాలు మాత్రం కందగడ్డలే.

నేను గొలుసు పట్టుకుని దిష్టిబొమ్మలా నిలబడ్డాను. దాలమ్మ వదిలితేనా!

“సర్వేరు బాబూ, ఇనపగొలుసు లాగినోడివి, దారం లాగలేవేటి? ఆ కొస పట్టు.”

పట్టాను. రెండో కొస దగ్గర మా చైన్‌మన్ అప్పటికే పళ్ళికిలిస్తూ నిలబడి ఉన్నాడు, వెధవ!

ఇంక పడుగు ఆరేదాకా ఎవరూ దాన్ని వదిలి వెళ్ళడానికి లేదు. దాలమ్మ అదే అదను చూసుకుంది.

“ఒరే అప్పలసామీ! మా గుంటలు పూడ్సీసినాక నీ పడుగొస్తాది. అప్పుడు నీకెదర కుంచె పట్టేదెవుల్రా? ఆ బస్సులోలు దిగొచ్చి పడతారేటి?”

అప్పలస్వామి దువ్వుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చాక, సూరయ్య మొహం చూడకుండానే అన్నాడు.

“మా అరుగులు కూడా తీసుకోమందాం బావా. మీయి సగం, మాయి సగం. గుంటలు ఎవులియీ పోవు.”

సూరయ్య మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. “గంజి పడినాది” అన్నాడు. నాకు మాత్రం ఏ గంజీ పడలేదు, అయినా కళ్ళు చెమర్చాయి.

పడుగు ఎత్తాక అక్కడే గొలుసు వేసి చూశాను. రెండు వైపులా అరుగులూ చూరులూ తీసేస్తే రోడ్డుకి సరిపోతుంది, మగ్గాలు మిగులుతాయి. గీత మారిస్తే నోటీసులన్నీ మళ్ళీ ఇవ్వాలని ఇంజనీరుగారు విసుక్కున్నారు. రెండు వరసలూ కలిసి ఒకే అర్జీతో వచ్చేసరికి మెత్తబడ్డారు. అభ్యంతరాలు లేని రోడ్డు ఎవరికి చేదు?

రెండు సంఘాలూ రద్దు చేసుకుని ఒకటే పెట్టుకున్నారు. ఈసారి ఎదురెదురు ఇళ్ళ నుంచి జతలుగా సభ్యుల్ని వేసుకున్నారు, పడుగు దగ్గర నిలబడ్డట్టే. ప్రెసిడెంటుగా ఉండమంటే దాలమ్మ నవ్వేసింది. “నాకెందుకురా కుర్సీ? కేకెయ్యడానికి గొంతున్నాది, సాలు.”

అరుగులు కొట్టేసిన రోజు మాత్రం ఆమె గునపాలు దగ్గరికొచ్చేదాకా తన అరుగు మీదే కూర్చుంది. “మా ముసిలోడు ఈడే కూకుని సుట్ట కాల్సేవోడు బాబూ” అంది నాతో. తర్వాత లేచి, మొదటి రాయి తనే పీకి ఇచ్చింది.

ఆ తర్వాత ఎన్నో వీధుల్లో గొలుసు వేశాను. వేసేముందు, ఇక్కడ మీరంతా కలిసి చేసే పనేమిటని అడగడం అలవాటు చేసుకున్నాను. ఇల్లు ఎవరిదో మా రికార్డు చెబుతుంది. ఎవరి చెయ్యి లేకపోతే ఎవరి పొయ్యి వెలగదో ఆ వీధివాళ్ళే చెప్పాలి.

రోడ్డు పడ్డాక ఒక ఉదయం అటు వెళ్ళాను. వీధి మొదట్లో లారీ ఆగి ఉంది. డ్రైవరు హారన్ మోగిస్తూ తిడుతున్నాడు. రోడ్డు పొడవునా పడుగు. దాలమ్మ లారీ దగ్గరికి నడిచి వెళ్ళి, అతనికి కుంచె అందించింది.

“దిగు నాయినా. తడి పడుగొచ్చినాది.”

అతను బిత్తరపోయి నా వైపు చూశాడు.

“దిగవయ్యా దిగు” అన్నాను, నేనొక కొస పట్టుకుంటూ.