గవర్నరు సంతకానికి తోక

నోట్ల ముద్రణాలయంలో ఆయన్ని అందరూ సంతకాలయ్య అనేవారు. ఉక్కు పలక మీద సన్నటి ఉలితో పెద్దవాళ్ల సంతకాలు చెక్కడం ఆయన పని. కాగితం మీద తిన్నగా పడాలంటే పలక మీద తిరగేసి చెక్కాలి. అలా తిరగేసీ తిరగేసీ, తన పెళ్లినాడు రిజిస్టరులోనూ తిరగేసే సంతకం పెట్టాడట. పెళ్లయినట్టా కానట్టా అని రిజిస్ట్రారు అద్దం తెప్పించుకుని మరీ చూశాడు.

ఆ దేశంలో అతి చిన్న నోటు సర్కారుది. దాని మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. మిగతా నోట్లన్నీ కేంద్ర బ్యాంకువి. వాటి మీద ‘ఇంత సొమ్ము చెల్లిస్తాను’ అని మాటిచ్చేది గవర్నరు. మనిషి మారితే సంతకమూ మారాలి. “మాట ఆయనది, చేతిరాత నాది” అని సంతకాలయ్య మీసం తిప్పేవాడు.

ఈసారి కొత్త గవర్నరు వచ్చేసరికి సంతకాలయ్య కుడిచెయ్యి వణకసాగింది.

“చెప్పెయ్యండి” అంది భార్య, సాసరులో ఒలికిన టీ చూసి.

“చెబితే ఉలి లాక్కుంటారే.”

“దాచితే? మీ వణుకు కోట్ల నోట్ల మీద అచ్చవుతుంది. అప్పుడు తిప్పండి మీసం!”

ఆయన టీ అక్కడే వదిలేసి పనికి వెళ్లిపోయాడు.

పైగా కొత్తాయన సంతకానికి బారెడు తోక. పేరు వరకూ మణికట్టును బల్లకు అదిమిపెట్టి, ఊపిరి బిగబట్టి ఎలాగో లాగించాడు. తోకకు ఆ ఉపాయం చెల్లదు. చెయ్యి ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపున సాగాలి. గీత తప్పితే పలక పాడు. ఉలి ఆనించాడు, తీశాడు. మళ్లీ ఆనించాడు, తీశాడు.

పక్క బల్ల దగ్గరున్న శిష్యురాలు నవ్వింది. “గురువుగారూ, గవర్నరుగారి తోక కత్తిరించేస్తారా ఏంటి?”

అంతలో ఆ చెయ్యి కంటపడింది. నవ్వు ఆగిపోయింది.

“ఎప్పట్నుంచండీ?”

“పాతాయన దిగిపోయే ముందు నుంచే.”

“నేనెవరికీ చెప్పను లెండి” అంది మెల్లగా.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. చిన్నపిల్ల చేత కూడా అబద్ధం మోయించాలా?

“సూపర్‌వైజరు గారూ, ఒకసారి ఇలా వచ్చి నా చెయ్యి చూడండి!”

సూపర్‌వైజరు వచ్చి చూశాడు. సగం చెక్కిన పలకను భూతద్దం కింద పెట్టి పరిశీలించాడు.

“ఉలి ఆ అమ్మాయికి ఇవ్వండి” అన్నాడు.

ఆమె కూర్చుని ఒక్క ఊపున తోక లాగింది. ఉక్కు దారంలా చుట్టలు తిరుగుతూ పైకి లేచింది. గీతలో ఎక్కడా తేడా లేదు. సూపర్‌వైజరు ఆమెను మెచ్చుకుంటుంటే, సంతకాలయ్యకు తన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. జేబులో పెట్టుకున్నాడు. జేబూ వణికింది.