సర్కారు తీసుకున్న బావి

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఊళ్లో సర్కారు కచేరీలు చాలావరకు డేరాల్లోనే నడిచేవి. రాజధాని అన్నాక పార్కు ఉండాలని మునిసిపాలిటీ వాళ్లకు తోచింది. హంద్రీ ఒడ్డున ఒక ఆసామికి నిమ్మతోట ఉండేది. ప్రజోపయోగం కోసం దాన్ని తీసుకుంటున్నామని, అభ్యంతరాలుంటే తాసిల్దారు విచారణలో చెప్పుకోవచ్చని గేటుకు నోటీసు అంటించారు. నేనప్పుడు హైస్కూల్లో చరిత్ర చెప్పేవాణ్ణి. సొంత ఆస్తి పవిత్రమనే మాట వింటే ఒళ్లు మండేది. పదిమందికి పనికొచ్చేదాన్ని ఒక్కడి కంచె వెనక దాచమని ఏ దేవుడు చెప్పాడో చూపించమని గ్రంథాలయంలో గంటసేపు ఉపన్యసించాను కూడా.

అయితే నోటీసులో ఒక్క మాట నన్ను వదల్లేదు. ప్రజలంటే ఎవరు? ఆ లెక్కలో ఎవరుంటారో తేల్చేది ఎవరు?

మరునాడే ఆ ప్రశ్న నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా పక్కింటి కొట్టంలో పేడ ఎత్తే హరిజనవాడ ఆమె వీధిలో నన్ను ఆపింది. చుట్టుపక్కల బావులన్నీ ఉప్పునీళ్లు. తోటలో బావి ఒక్కటే తీపి. మూడు వీధులు అక్కడే తోడుకునేవి.

"అది సర్కారు బావి అయితే మేము తోడుకోవచ్చునా అయివారా?" అని అడిగింది. చట్టప్రకారం తోడుకోవచ్చు, ఈ సంగతే విచారణలో చెప్పమన్నాను. చెప్పమనడానికి నాకేం, నోరు ఉంది.

విచారణ రోజు సెలవు పెట్టి డేరాలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆసామి తెలివైనవాడు. నిమ్మచెట్ల ఊసే ఎత్తకుండా బావి సంగతి ఎత్తాడు. "మా తాత కాలం నుంచి నీళ్లకొచ్చినోళ్లను కాదన్నది లేదు సార్. నా తోట ఇప్పుడే ప్రజలది. మళ్లా మీరు తీసుకునేది ఏముండాది?" అన్నాడు. వాదం గట్టిదే.

తాసిల్దారు కలం పైకెత్తి, అందరికీ ఇస్తున్నారా అని అడిగాడు. అందరికీ అన్నాడు ఆసామి. డేరా గుడ్డ పక్కన నిలబడిన ఆమె వైపు తాసిల్దారు తిరిగాడు.

"పోస్తారు సామీ," అందామె. "మేము తోడుకునేది లేదు. కడవ పెట్టి దూరంగా నిలబడల్ల. ఎవరికన్నా మనసు పుడితే పోస్తారు. లేకుంటే పొద్దు వాలేదాకా అట్లే."

ఆసామి కోప్పడలేదు. "పోసేది తప్పా ఏమ్మా?" అన్నాడు మెల్లగా.

"తప్పు అనలేదు దొరా. ఇస్తారా అంటే పోస్తారని చెప్పినా."

తాసిల్దారు రాసుకున్నాడు. ఏం రాస్తున్నాడో చూడాలని మెడ సాచాను గానీ కనపడలేదు. తర్వాత కొన్నాళ్లకు ఆసామి అభ్యంతరం కొట్టేశారని తెలిసింది.

విచారణకూ స్వాధీనానికీ మధ్య ఎండాకాలం వచ్చిపడింది. ఉపన్యాసాల్లో ఆ మధ్యకాలం లెక్కకు రాదు. బావి దగ్గర ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. ఆమె కడవ వైపు చూడటం మానేశారు, అంతే. ఆమె హంద్రీ ఇసుకలో చెలమ తవ్వి, ముంతతో ముంచుకుంటోందని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు. అడగాలనే తోచలేదు నాకు. సిగ్గుపడి, రోజూ మా ఇంటికి రమ్మన్నాను. మా ఆవిడ తోటబావి నీళ్లు తెచ్చి కడవ నింపుతుందన్నాను.

ఆమె నవ్వింది. "అదీ పోసేదే కదా అయివారా," అంది.

తోట స్వాధీనమైన రోజు మునిసిపాలిటీ వాళ్లు కంచె పీకి, గిలకకు కొత్త చేంతాడూ ఇనప బొక్కెనా తగిలించారు. ఏం జరుగుతుందో చూడాలని వెళ్లాను. బావి గట్టున పై వీధి ఆడవాళ్లు ముగ్గురున్నారు. ఆమె వచ్చి, కడవ దించి, బొక్కెన లోపలికి వదిలింది. అది నీళ్ల మీద తేలింది. లాగింది, ఉత్తదే వచ్చింది. మళ్లీ వదిలింది. మళ్లీ తేలింది. ఆమె జన్మలో బావిలో తోడి ఎరగదని అప్పుడు తట్టింది నాకు. హక్కు గురించి అంత మాట్లాడినవాణ్ణి, తోడటం ఒకరు నేర్పాల్సిన పని అని ఒక్కనాడూ అనుకోలేదు.

చేంతాడు అందుకుందామని చెయ్యి లేచింది. నేను తోడి ఇస్తే అదీ పోయడమే. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

ఆ ముగ్గురిలో పెద్దామె చూసి చూసి విసుక్కుంది. "తాడు జాడించి వదలవే. పక్కకు ఒరిగితేనే మునుగుతాది."

ఆమె జాడించింది. తాడు ఒక్కసారిగా బిగిసింది. పైకి వచ్చేసరికి సగం నీళ్లు ఒలికిపోయాయి. మిగిలిన సగం తన కడవలో తనే పోసుకుంది.

"శానా బరువుండాది," అని అరచేతులు కొంగుకు తుడుచుకుని, బొక్కెన మళ్లీ లోపలికి వదిలింది.