నడుం నొప్పి అని చెప్పిన సుధీర్

2023 చలికాలం. విదేశంలో, సార్నియా అనే ఊళ్లో, అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చేవాళ్లని చూసే ఒక వాక్-ఇన్ క్లినిక్‌లో, రోగం తేల్చి మందులు కూడా రాసే నర్స్ ప్రాక్టీషనర్‌గా పనిచేస్తున్నాను. సాయంత్రానికి కాళ్లు లాగేసి, మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. ఆ రోజు ఆఖరి పేషెంట్ సుధీర్, కెమికల్ ప్లాంట్‌లో ఉద్యోగం, పెళ్లయి మూడేళ్లు. నేను తెలుగుదాన్నని తెలియగానే అతని ముఖం వాడిపోయింది.

"నడుం నొప్పి ఆంటీ."

నడుం నొప్పి ఉన్నవాడు కాళ్లు ఎడంగా పెట్టి కుర్చీ అంచున కూర్చోడు. "ఇక్కడ ఆంటీని కాదు, నర్సుని. సరిగ్గా చెప్పు," అన్నాను. చివరికి చెప్పాడు. నెలల తరబడి వృషణం వెనక వాపు, సలుపు.

దాన్ని ఎపిడిడిమైటిస్ అంటారు. వీర్యకణాలు నడిచే సన్నటి గొట్టం వాయడం. వారాల్లో తగ్గాల్సింది నెలలకు పాకితే సగంలో ఆపేసిన యాంటీబయాటిక్, లైంగికంగా సోకిన ఇన్‌ఫెక్షన్, టీబీ, ఇలా చాలా చూడాలి. కొందరిలో ఏ కారణమూ దొరకదు. వాళ్లకు నొప్పి మాత్రలు, బిగువైన లోదుస్తులు, ఓపిక.

"మందులేమైనా వేసుకున్నావా?"

"అమ్మ ఇచ్చి పంపినవి ఉన్నయ్. నొప్పొస్తే రెండ్రోజులు వేస్కుంటా, తగ్గితే ఆపేస్తా."

మనవాళ్ల సూట్‌కేసుల్లో ఆవకాయ పక్కన మందుల సంచి ఉండాల్సిందే. అతను మింగుతున్న ఆఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ టీబీని కొంత అణచగలదు, పూర్తిగా చంపలేదు. సూక్ష్మజీవుల్ని వెతికే మామూలు యూరిన్ కల్చర్‌లో ఏమీ రాలేదు, టీబీ అందులో కనబడదు. చిన్నప్పుడు ఇంట్లో తాతయ్యకు టీబీ వచ్చిందన్నాడు. ఆ మాత్రలు ఆపించి, నా అనుమానం రాసి యూరాలజిస్ట్ దగ్గరికి పంపాను. యూరిన్‌లో టీబీ బయటపడింది. ఆర్నెల్ల మందులు.

ఆ ఫలితం చెప్పడానికి పిలిచినప్పుడు అతను అడిగింది నొప్పి గురించి కాదు.

"పిల్లలు పుడతారా ఆంటీ? అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా పిల్లల్లేరని మా ఆవిడ దీపికనే అంటుంది."

"నీ నొప్పి సంగతి అమ్మకి చెప్పావా?"

"దీపికకే చెప్పలే."

అలసటంతా కోపమైంది. "ముందు ఇంటికెళ్లి చెప్పు," అన్నాను.

ఆర్నెల్ల కోర్సు అయ్యాక భార్యాభర్తలిద్దరూ వచ్చారు. నొప్పి పోయింది. వీర్య పరీక్షలో మాత్రం కణాలు లేవు. రెండు వైపులా గొట్టాలు మూసుకుపోయాయి. వృషణం నుంచి కణాలు తీసి ఐవీఎఫ్ చేసే వీలుందని, ఖాయంగా చెప్పలేమని వివరించాను. అంతలో దీపిక ఫోన్ మోగింది. అత్తగారు. దీపిక అలవాటుగా నిట్టూర్చి ఎత్తబోతుంటే సుధీర్ ఫోన్ అందుకున్నాడు.

"అమ్మా, ఇంక దీపికని ఏమనకు. సమస్య నాది."

దీపిక తన కోటులో ముఖం దాచుకుని ఏడ్చింది. నేను తలుపు మూసి బయటికి వచ్చేశాను.

ఇప్పుడు ఏ కుర్రాడు నడుం నొప్పి అన్నా రెండు ప్రశ్నలు ఎక్కువ అడుగుతాను. మందుల సంచిలో ఏముంది, ఇంట్లో నీ బదులు మాటలు పడుతున్నదెవరు అని.