ముఖం చూసి మాట్లాడండి

మాస్కులు వచ్చాకే నాకు చెవుడని నాకు తెలిసింది.

కరోనా తగ్గి బడులు తెరిచిన మొదటి వారం అది. జమ్మలమడుగు దగ్గర ఒక ఊరి ప్రభుత్వ హైస్కూల్లో నేను లెక్కల టీచర్ని. ఇల్లు ప్రొద్దుటూరులో. రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. అప్పటికి పద్దెనిమిదేళ్ళ సర్వీసు. ఆ రోజు తొమ్మిదో తరగతిలో హాజరు పిలుస్తూ ఒక పేరు చదివి తలెత్తాను. అందరి ముఖాలకూ గుడ్డలే. ఎవరూ పలకలేదనుకుని మళ్ళీ పిలిచాను. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి ఒక పిల్ల లేచి నిలబడి రెండు చేతులూ ఊపింది. మూడుసార్లు పలికిందట.

అన్నాళ్ళూ చెవులతో వింటున్నాననే అనుకున్నాను. నిజానికి కొన్నేళ్ళుగా నేను కళ్ళతో వింటున్నాను. నాకే తెలియకుండా పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవడం అలవాటైపోయింది. గుడ్డ అడ్డం పడేసరికి మాట తెగిపోయింది.

ఇంట్లో సూచనలు లేకపోలేదు. మా ఆయనకు బట్టల అంగడి. ఇంటికి వచ్చి హాల్లో కూర్చుని ఏదో ఒకటి అడిగేవాడు. వంటింట్లో ఉన్న నేను పలికేదాన్ని కాదు. కాసేపటికి గడప దగ్గరికి వచ్చేవాడు.

"ఏం మే, మూడుసార్లు పిలిస్తి. ఉలకవు పలకవు. అంత పొగరేంది?"

"పనిలో ఉండా. వినల్యా," అనేదాన్ని.

వినలేదు అనే మాటకు మన భాషలో రెండు అర్థాలు. నేను ఒక అర్థంతో చెప్పేదాన్ని. ఆయన రెండోది తీసుకునేవాడు.

ఒక శనివారం ట్రైనింగ్ ఉందని ఇంట్లో అబద్ధం చెప్పి కడపలో చెవి డాక్టరు దగ్గరికి పోయాను. ఒక చిన్న అద్దాల గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమన్నారు. నొక్కాను, కొన్నిసార్లు. తర్వాత ఎంతసేపు కూర్చున్నా ఏమీ రాలేదు. మధ్యలో మిషను ఆగిపోయిందేమో, సరిచేస్తున్నారేమో అని ఓపిగ్గా చూస్తూ కూర్చున్నాను. పరీక్ష చేసే అమ్మాయి తలుపు తీసి, అయిపోయిందండీ అన్నట్లు చెయ్యి ఊపింది. నేను ఎదురుచూసిన ఆ సమయమంతా శబ్దాలు వస్తూనే ఉన్నాయట.

నరం బలహీనపడిందని, మందులతో నయమయ్యేది కాదని, రెండు చెవులకూ మిషన్లు పెట్టుకోవాలని డాక్టరు చెప్పాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, బీరువాలో చీరల కింద దాచాను.

ఎందుకు దాచావని తర్వాత చాలామంది అడిగారు. మా నాయన గొర్రెలు మేపినవాడు. మా ఇంటి నుంచి నెల జీతం ఎరిగిన మొదటి మనిషిని నేను. చెవుడని తెలిస్తే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. తెలుసుకోవాలంటే ఎవరినైనా అడగాలి, అడిగితే బయటపడుతుంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉండేది. మా ఊళ్ళో సరిగా వినపడని ఒక ముసలామె ఉండేది. ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. "ఓ చెవిటీ" అని వెనక నుంచి అరిచి పరిగెత్తిన పిల్లల్లో నేనూ ఉన్నాను.

మాస్కులు తీసేశాక నటన కొంచెం సులువైంది. అయినా పెదవులు పూర్తి మాట చెప్పవు. మామ అన్నా పాప అన్నా పెదవులు ఒకేలా మూసుకుని తెరుచుకుంటాయి. అందుకని ప్రశ్నకు నోటితో జవాబు చెప్పనిచ్చేదాన్ని కాదు, బోర్డు దగ్గరికి వచ్చి రాయమనేదాన్ని. హాజరుకు పేర్లు పిలవడం మానేసి తలలు లెక్కపెట్టేదాన్ని. స్టాఫ్ రూములో గోడకు ఆనుకుని, అందరి ముఖాలూ కనిపించే కుర్చీలోనే కూర్చునేదాన్ని. వాళ్ళు నవ్వితే నవ్వేదాన్ని. ఒకసారి తోటి టీచరొకామె తలవంచుకుని ఏదో చెబుతోంది. అవతల ఇద్దరు వేరే విషయానికి నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. ఆమె తన తల్లికి పక్షవాతం వచ్చిందని చెబుతోందట. ఆ తర్వాత ఆమె నాతో చాలాకాలం మాట్లాడలేదు. నేను ఆమెకు నిజం చెప్పలేదు. చెవిటిదాన్ననిపించుకోవడం కంటే చెడ్డదాన్ననిపించుకోవడమే మేలనుకున్నాను.

అలా ఏడాదికి పైగా గడిచింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కళ్ళు మండేవి, మెడ పట్టేసేది.

ఆ రోజు మధ్యాహ్నం మొదటి పీరియడ్. తొమ్మిదో తరగతికి త్రిభుజాల సిద్ధాంతం చెబుతున్నాను. పటం గీసి, దత్తాంశం రాసి, నిరూపణ మొదలుపెట్టాను. బోర్డువైపు తిరిగితే నాకు ఆ గది ఉండదు. సుద్దముక్కా నేనూ, అంతే. నిజం చెప్పాలంటే రోజంతటిలో నాకు హాయిగా ఉండేది ఆ కాసేపే. సగం బోర్డు నిండింది. ఎవరో నా చీర కొంగు పట్టి గుంజారు.

"ఏంది?" అని కసురుకుంటూ తిరిగాను.

క్లాస్ లీడర్ పిల్ల నా కొంగు పట్టుకుని ఏడుస్తోంది. దాని వెనక తరగతంతా లేచి నిలబడి ఉంది. అందరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. రెండో బెంచీకీ మూడో బెంచీకీ మధ్య ఒక పిల్ల కింద పడి కొట్టుకుంటోంది. ఫిట్స్. బెంచీ అంచు తగిలి కణత దగ్గర చిట్లింది. నెత్తురు చెవి మీదుగా కారుతోంది. ఎవరో దాని గుప్పిట్లో ఇనుప కాంపాస్ పెట్టె కుక్కుతున్నారు. పెట్టె మూత దాని వేళ్ళకు కోసుకుంటోంది.

పెట్టె లాగేశాను. బెంచీలు జరిపి, పిల్లను పక్కకు తిప్పి, తల కింద నా చెయ్యి పెట్టాను. కాసేపటికి ఒళ్ళు వదులైంది. ఆటోలో జమ్మలమడుగు తీసుకుపోయి కుట్లు వేయించాం. పిల్ల కళ్ళు తెరిచి నన్ను చూసి "రాసుకోలేదు మేడం," అంది. నిరూపణ సంగతి.

లీడర్ పిల్లను తర్వాత అడిగాను, ఎంతసేపు అరిచారని. "శానాసేపు మేడం. మీరు దిద్దుకుంటా రాస్తానే ఉండారు," అంది.

మరుసటి రోజు ఉదయం ఫిట్స్ వచ్చిన పిల్ల తల్లి వచ్చింది. కూలికి పోయే మనిషి. నన్ను హెడ్మాస్టరు గదికి పిలిపించారు. ఆమె కుర్చీలో కూర్చోలేదు. నాకు ఎదురుగా నిలబడింది కాబట్టి ప్రతి మాటా నాకు అందింది.

"ఏం మేడమ్మా, నా బిడ్డ కింద పడి కొట్టుకుంటాంటే నువ్వు బోర్డు మీద రాసుకుంటా నిలబడినావంటనే? పిల్లోళ్ళంతా గొంతు పగిలేట్ల అరిచినారంట. మనిషివేనా నువ్వు?"

హెడ్మాస్టరు అడ్డం వచ్చాడు. "మేడం పాఠంలో పడి గమనించల్యామ్మా. కావాలని ఎవురన్నా చేస్తారా?"

ఆయన నాకు దారి చూపించాడు. తల ఊపితే చాలు, దాటిపోతాను. ఆమె నా ముఖంలోకే చూస్తోంది.

"నాకు వినపడదమ్మా," అన్నాను.

ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. నా గొంతు ఎంత పైకి వచ్చిందో నాకు తెలియదు. వరండాలో పోతున్న పిల్లలు ఆగి లోపలికి చూశారు.

ఆమె కోపం తగ్గలేదు. అది ఇంకో వైపు తిరిగింది, అంతే. "వినపడకపోతే సదువెట్ల చెప్తావు?"



ఆమె పోయాక హెడ్మాస్టరు కిటికీ వైపు తిరిగి ఏదో మాట్లాడసాగాడు. "సార్, ఇటు తిరిగి చెప్పండి," అన్నాను. ఆయన తిరిగి, నన్ను కొత్త మనిషిని చూసినట్లు చూశాడు. "ముందే చెప్పింటే బాగుండు గదా మేడం," అన్నాడు. సెలవు పెట్టమన్నాడు. రెండు నెలలు.

సాయంత్రం ఆ మడతల కాగితం తీసి మా ఆయన ముందు పెట్టాను. చదివాడు. తారీఖు చూశాడు. మళ్ళీ చదివాడు.

"ఏడాది దాటింది," అన్నాడు.

"అవును."

"నేను పిలిస్తే పలకవు. నా మీద మనసు విరిగిందనుకుంటి. అట్లనే అనుకుంటా బతుకుతాండా ఇన్నాళ్ళూ. ఒక్క మాట చెప్పేకి ఏమైండె నీకు?"

కంచం జరిపి లేచిపోయాడు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు. మూడో రోజు అంగడికి తాళం వేసి, మిషన్ల కోసం నాతో కడపకు వచ్చాడు. బస్సులో కూడా మాట్లాడలేదు. కానీ నాకు ఎదురు సీట్లో, నా వైపు తిరిగి కూర్చున్నాడు.

చెవి మిషన్లు పెట్టుకోగానే అన్నీ వినపడతాయనుకున్నాను. వినపడ్డాయి, అన్నీ ఒకేసారి. స్టీలు గిన్నె కింద పెడితే పిడుగు పడినట్లుండేది. శబ్దం పెరిగింది కానీ మాట విడిగా తేలలేదు. నలుగురు ఒకేసారి మాట్లాడితే మళ్ళీ మొదటికే. దీనితో తరగతిలో నిలబడలేనని రెండో వారానికే అర్థమైంది. జుట్టు చెవుల మీదికి దువ్వుకుని ఇంట్లో కూర్చున్నాను.

ఒక రోజు హెడ్మాస్టరు నుంచి మెసేజ్ వచ్చింది. పులివెందులలో వాళ్ళ చెల్లెలి ఇంటి పక్కన ఒక టైలరు ఉందని, ఆమెకు పుట్టు చెవుడని, మాట కూడా లేదని, అంగడి ఎట్ల నడుపుకుంటుందో ఒకసారి పోయి చూడమని. నాకు ఒళ్ళు మండింది. ఎమ్మెస్సీ బీఈడీ చదివిన నేను జాకెట్లు కుట్టే ఆమె దగ్గర నేర్చుకోవాలా అనిపించింది. వారం తర్వాత ఒక జాకెట్టు గుడ్డ సంచిలో పెట్టుకుని ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను.

ఆమెకు ముప్పై ఏళ్ళుంటాయి. తురకల అమ్మాయి. కుట్టు మిషను గోడవైపు తిరిగి ఉంది. అంటే ఆమె వీపు వీధికి. మిషను పైన గోడకు పెద్ద అద్దం వాలుగా బిగించి ఉంది. నేను మెట్టెక్కగానే అద్దంలో చూసి ఇటు తిరిగింది. తలుపు పక్కన అట్టముక్క మీద పెద్ద అక్షరాలు: నాకు వినపడదు. ముఖం చూసి మాట్లాడండి.

పక్కన ఆమె తల్లి జాకెట్లకు హుక్కులు కుడుతోంది. నేను తల్లితో కొలతల సంగతి చెప్పబోయాను.

"నాతో కాదమ్మా. కుట్టేది ఆమె. ఆమెకే చెప్పు," అంది తల్లి.

చెప్పాను. చెబుతున్నప్పుడు ఆ అమ్మాయి నా పెదవులు చూస్తోంది. జవాబుగా ఆమె చేతులు కదిలించినప్పుడు నేను తల్లి పెదవులు చూశాను. అంతే, పట్టేసింది. లేచి వచ్చి నా చెవి మీది జుట్టు వేలితో పక్కకు తోసి, మిషను చూసి నవ్వింది. తర్వాత ఏదో అడిగింది.

"దాన్ని యాల దాచుకుంటాండావని అడుగుతాంది," అంది తల్లి.

జాకెట్టు కోసం మూడుసార్లు, దాని తర్వాత పని లేకుండానే మరో నాలుగుసార్లు పోయాను. ఆమె గిరాకీతో ఎలా మాట్లాడుతుందో చూస్తూ కూర్చునేదాన్ని. అర్థం కాకపోతే సిగ్గుపడదు, చెయ్యెత్తి ఆపుతుంది, మళ్ళీ చెప్పమంటుంది. పలక ఇచ్చి రాయమంటుంది. తొందరపడే గిరాకీని పొమ్మంటుంది.

సెలవు అయిపోయింది. ప్రొద్దుటూరులో ఒక పెద్ద అద్దం కొని, దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని బడికి తీసుకుపోయాను. హెడ్మాస్టరు దాన్ని బోర్డు పక్కన గోడకు మేకులు కొట్టి పెట్టించాడు. జుట్టు వెనక్కి లాగి ముడి వేసుకున్నాను. తరగతిలోకి పోయి, ఎవరికీ ముఖం చూపించకుండా ముందు బోర్డు మీద రాశాను: నాకు సరిగా వినపడదు. అప్పుడు తిరిగాను.

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఇద్దరు నోళ్ళు కదిపి ఏదో అనుకున్నారు. "చెవుడనే అంటాండారు కదా? చెవుడే," అన్నాను. వాళ్ళు అదిరిపడ్డారు. పెదవులు చదువుతానని వాళ్ళకు తెలియదు. బెంచీలు నా చుట్టూ అర్ధచంద్రంలా వేయించాను. మాట్లాడేవాళ్ళు లేచి నిలబడాలి, ఒక్కరే మాట్లాడాలి, నేను చెయ్యెత్తితే మళ్ళీ చెప్పాలి. మొదటి వారం పిల్లలు పాఠం మానేసి అద్దంలో జుట్టు సవరించుకున్నారు.

నన్ను వణికించింది పిల్లలు కాదు. ఆ తల్లి. బిడ్డను నా తరగతికి పంపనని మొదట హెడ్మాస్టరుతో పంతం పట్టింది. మాకు తొమ్మిదికి ఒక్కటే సెక్షను, వేరే దారి లేదు. చివరికి బిడ్డతో పాటు తనూ వచ్చింది. నా పీరియడ్ మొదలవగానే వరండాలో కిటికీ దగ్గర కూర్చుని, కమ్మీల్లోంచి నన్నే చూసేది. కూలి పోగొట్టుకుని రోజూ వచ్చేది. నేను బోర్డువైపు తిరిగితే అద్దంలో ఆ పిల్లా, దాని వెనక కమ్మీల్లో ఆమె ముఖమూ కనిపించేవి. సుద్దముక్క చెమటకు జారేది. రెండు పంక్తులు రాసి అద్దం చూడాలి, మళ్ళీ రెండు రాసి చూడాలి. ఒకసారి పిల్ల పుస్తకం కోసం కిందికి వంగితే నేను సుద్ద పారేసి పరిగెత్తాను. తరగతి బిత్తరపోయింది. కిటికీలో ఆమె కూడా లేచి నిలబడింది.

మూడో వారంలో ఒక రోజు ఆమె కిటికీ దగ్గర కూర్చోకుండా నేరుగా గుమ్మంలోకి వచ్చింది. నాకు ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"శనగ కోతలు పడినాయి మేడం. రేపట్నించి నేను రాను."

అంతే. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

ఆ పిల్లకు ఆ ఏడాదిలోనే మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. నా తరగతిలో కాదు, సైన్సు పీరియడ్లో. ఆ సారు వెంటనే చూసుకున్నాడు. నా పీరియడ్లో వచ్చి ఉంటే అద్దంలో పట్టుకునేదాన్నో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. పదో తరగతి పాసై ఆ పిల్ల జమ్మలమడుగులో ఇంటరులో చేరింది.

పోయిన వేసవిలో విద్యాశాఖ వాళ్ళు ప్రొద్దుటూరులోని తమ ఆఫీసులోనే పని ఉంది, పాఠాలు చెప్పే బాధ ఉండదు, పోతారా అని అడిగారు. ఇంటికి నడిచిపోయేంత దూరం. మా ఆయన ఒప్పుకోమన్నాడు. ఒక రోజు పోయి చూశాను. ఫైళ్ళు, ఫ్యాన్లు, తలలు వంచుకుని మాట్లాడే మనుషులు. అక్కడ ఎవరి ముఖమూ నాకు కనిపించలేదు. వారం రోజులు నిద్రలేకుండా ఆలోచించి వద్దని రాసిచ్చాను. జూన్లో బడి తెరిచిన రోజు పొద్దున్నే జమ్మలమడుగు బస్సెక్కాను. భయం వేసింది. ఇప్పటికీ కొత్త తరగతి గడప తొక్కే ప్రతిసారీ వేస్తూనే ఉంది.