చుట్ట తాగని చుట్ట సాబ్

యూసుఫ్ సాబ్ వైరు కోయడు. ఎమ్మిగనూరులో టీవీలు బాగుచేసే ఆ మనిషి గురించి ఈ ఒక్క మాట చెబితే చాలు. పది మూరల వైరు సరిపోయే చోటికి యాభై మూరలు తెచ్చి, మిగిలింది చుట్టగా చుట్టి గోడకు తగిలించి పోతాడు. అందుకే ఊరంతా ఆయన్ను చుట్ట సాబ్ అనేది. చుట్ట మాట దేవుడెరుగు, ఆయన బీడీ కూడా ముట్టి ఎరగడు.

ఎనభై ఆరులో మా ఆయన శ్రీపాదరావు గారు ఆదోని నుంచి టీవీ, వీడియో డెక్కు తెచ్చారు. ఈయన లెక్కల మాస్టరు. ఇంట్లో చీపురు కూడా గోడకు సమాంతరంగా ఉండాలి. సాబ్ వచ్చి యాంటెన్నా వైరు బిగించేసరికి, అలాంటి గోడకు నలభై మూరల చుట్ట వేలాడింది.

"ఏంది సాబ్ ఇది? మిగిలింది కోసెయ్యి."

"తల కోసుకోమను సామీ, కోసుకుంటా. వైరు మాత్రం కొయ్యను."

"ఇది నా గోడ!"

"గోడ నీదే. చుట్ట నాది. దానికేమన్నా కూడు పెడతాండావా?"

అంతటితో ఆగాడా! మరునాడు పాత పట్టుచీర పేలికలు కుట్టి తెచ్చి, ఆ వైరు పొడుగునా తొడుగు వేశాడు. ఎందుకని అడిగితే, "సలి పెడతాదమ్మా" అన్నాడు. వీధంతా నవ్వింది. నేనూ నవ్వాను.

మా అత్త అలివేలమ్మ మాత్రం నవ్వలేదు. ఆమెది గట్టి మడి. పొద్దున స్నానం చేసి మడి కట్టిందంటే, వంటా పూజా భోజనం అయ్యేదాకా ఎవరూ తాకకూడదు.

"చుట్ట తాగేవాణ్ని నట్టింట్లోకి తెస్తారా?" అంది.

"ఆయన తాగడత్తయ్యా."

"తాగకుంటే ఆ పేరెట్లొచ్చిందే?"



ఆదివారం పొద్దున టీవీలో పౌరాణికం మొదలయ్యాక వచ్చింది అసలు తంటా. జనమంతా టీవీ ఉన్న మా పడసాలలోనే. అత్త అటు అడుగుపెడితే మడి పోయినట్టే. తలుపు వెనక నిలబడి వినేది. అవన్నీ హిందీ మాటలు, ఆమెకు ఒక్క ముక్క రాదు.

"దేవకీ, దేవుడు వచ్చినాడా?"

"ఇప్పుడే వచ్చి పోయినాడత్తయ్యా."

"ఒక్కసారన్నా చూస్తే బాగుండునే" అంది ఒకరోజు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. మా ఆయనకు చెబితే, "మడన్నా వదలమను, టీవీ అన్నా వదలమను" అన్నారు. నాకు ఒళ్లు మండింది. నేరుగా సాబ్ అంగడికి పోయాను.

ఆ ఆదివారం, అత్త ఇంకా స్నానానికి లేవకముందే, ఆయన సైకిలుకు పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ కట్టుకుని దిగాడు. దాన్ని అత్త గదిలో పెట్టి, గోడ మీది చుట్ట విప్పి, వంటింటిని తాకకుండా మిద్దె మీదుగా, పెరటి గోడ మీదుగా వైరు లాగి, కిటికీలోంచి లోపలికి దించాడు. సరిగ్గా టీవీ దాకా అందింది. జానెడు మిగల్లేదు.

మా ఆయన ఊరుకుంటారా? "అందరి కాళ్ల కిందినుంచి వచ్చే వైరు! అమ్మ మడి ఏం కావాల?"

"పట్టుకు మైల లేదంట గదా సామీ. నేతోళ్ల ఊర్లో పుట్టినోణ్ని, బట్ట సంగతి నాకు తెల్దా?" అన్నాడు సాబ్. "మొదటిరోజే పెద్దమ్మ తలుపు సందులోంచి తొంగి సూస్తాంటే సూసినా. ఆయమ్మ గదికి నలభై మూరలని ఆ పొద్దే కొలుసుకున్యా."

లెక్కల మాస్టరు వైరును కిటికీ దాకా కళ్లతోనే కొలిచారు. నాకు ఊళ్లోని చుట్టలన్నీ గుర్తొచ్చాయి. సుంకన్న ఇంట్లో చుట్ట, మంచం పట్టిన తండ్రి దాకా సరిపోతుంది. లక్ష్మక్క ఇంట్లోది, ఆమె కూర్చుని నేసే మగ్గం దాకా. టీవీ ముందుకు రాలేని మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారని ఆయన ఒక్కడికే తట్టింది. నవ్వినందుకు సిగ్గేసింది.

అత్త మడి కట్టుకుని వచ్చి కూర్చునేసరికి బొమ్మ పడింది.  తర్వాత లోపలినుంచి గొంతు వినిపించింది.

"దేవకీ, ఆ సాబ్‌కు కాఫీ ఇయ్యి. చుట్ట కూడా ముట్టించుకోమను, నేనేమీ అనుకోను."

జన్మలో బీడీ ముట్టని మనిషి, పెరట్లోంచి వినయంగా బదులిచ్చాడు.

"కాఫీ తాగినాక ముట్టిస్తా పెద్దమ్మా!"