ఇద్రీస్‌ను పేరుపెట్టి పిలిచిన గొంతు

దెయ్యాలు లేవని జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో మైకు పట్టుకుని చెప్పినవాణ్ణి నేను. పూనకం వచ్చినవాళ్ల ఎదుటే కూర్చుని ప్రశ్నలు వేశాను. తాయెత్తులు విప్పి లోపల ఏముందో చూపించాను. భయాన్ని అమ్ముకునేవాళ్ల మీద నా కోపం ఇవాళ్టికీ తగ్గలేదు. ఇది చదివి ఎవరైనా తాయెత్తు కొనుక్కుంటే దానికి నేను బాధ్యుణ్ణి కాను. జరిగింది జరిగినట్టు రాయకుండా దాచితే మాత్రం ఆ తప్పు నాదే.

నేను ఖోబర్‌లో, అల్ అజీజియాలో ఉంటాను. పొలాలకు పంపులు బిగించే కంపెనీలో ఇంజనీర్ని. పోయిన ఏడాది మమ్మల్ని సౌదీకి ఆ చివర, జిజాన్ వైపు పంపారు. అక్కడ జొన్న పండించేది హౌసా కుటుంబాలు. ఆ చేల అంచుల్లో పశువులు మేపుకునేది ఫులానీలు. వాళ్ల తాతలు నైజీరియా వైపు నుంచి హజ్‌కు వచ్చి అక్కడే ఉండిపోయారు. భూమి కఫీల్ అనే సౌదీ యజమానిది, చాకిరీ వీళ్లది. నాతో వచ్చింది రాజన్న, నిర్మల్ నుంచి వచ్చిన ఫిట్టర్.

మేం దిగింది ఇద్రీస్ అనే హౌసా రైతు ఇంట్లో. యాభై దాటిన మనిషి. పాకిస్తానీ మెకానిక్‌ల దగ్గర పనిచేసి ఉర్దూ నేర్చుకున్నాడు. తల్లి, తమ్ముడు సానీ అతనితోనే ఉంటారు. తల్లి సానీని పేరుపెట్టి పిలుస్తుంది. ఇద్రీస్‌ను మాత్రం పిలవదు. ‘ఆయనకు చెప్పండి’ అంటుంది. ఎందుకని అడిగితే, తొలి బిడ్డ పేరు తల్లి నోటితో అనదు, అది మా పద్ధతి అన్నాడు ఇద్రీస్.

నాలోని ఉపన్యాసకుడు లేచాడు. పిలిస్తే ఏమవుతుంది, దిష్టి తగులుతుందా, దెయ్యం ఎత్తుకుపోతుందా అని నిలదీశాను.

“ఏమీ కాదు భాయ్. సిగ్గు, అంతే,” అన్నాడు ఇద్రీస్ గహ్వా కాఫీ పోస్తూ. “మీ ఊళ్లో ఆడవాళ్లు మొగుణ్ణి పేరుపెట్టి పిలుస్తారా?”

రాజన్న పకపకా నవ్వాడు. “దొరికిన్రు సారూ. మా ఇంటిది పెండ్లయిన కాడికెల్లి నన్ను ‘ఓ’ అనే పిలుస్తది.”

మరునాడు పొద్దున సానీ తల్లిని కళ్ల డాక్టర్‌కు చూపించడానికి కారులో పట్నం ఆసుపత్రికి బయల్దేరాడు. దాదాపు గంట ప్రయాణం. ఆమెను చెయ్యి పట్టుకుని కారెక్కించింది నేనే. ఈ సంగతి గుర్తుంచుకోండి.

పొలంలో ఉన్నది పాతబావి, బాగా లోతు. నీళ్లు అడుగంటడంతో డీజిల్ ఇంజన్‌ను బావి లోపలే ఒక అరుగు మీద పెట్టుకున్నారు. దాన్ని తీసేసి మా పంపు దించాలి. ఇంజన్ ఆపించి, పొగ పోయేదాకా ఆగాం. రాజన్న దిగబోతే ఇద్రీస్ ఒప్పుకోలేదు. ఇంటికొచ్చినవాణ్ణి బావిలోకి దించుతామా అంటూ, చంకల కింద తాడు కట్టుకుని తనే దిగాడు. తాడు రెండో కొస పైన గిలకకు ఉంది. కిందినుంచి పానా చప్పుడు వినిపిస్తుండగా, పైపు తేవడానికి మేమిద్దరం పికప్ దగ్గరకు వెళ్లాం.

“ఇద్రీస్.”

ఆడగొంతు. ముసలిగొంతు. అరుపు కాదు, అన్నానికి రమ్మన్నట్టు, చివర కొంచెం సాగదీసి. మా వెనక, బావి గట్టు వైపు నుంచి వచ్చింది.

“గా ముసలామె గప్పుడే వచ్చిందా సారూ?” అన్నాడు రాజన్న.

తిరిగి చూశాం. గట్టు మీద ఎవరూ లేరు. నడినెత్తిన ఎండ, మోకాలెత్తు జొన్న. మనిషి దాక్కునే చోటే లేదు. పానా చప్పుడు ఆగిపోయిందని అప్పుడు తట్టింది. పరుగెత్తి తొంగి చూస్తే ఇద్రీస్ అరుగు మీద తల వాల్చేసి ఉన్నాడు.

ఎలా లాగామో తెలియదు. లాగుతుండగా దూరపు మసీదు నుంచి మధ్యాహ్నం అజాన్ వినపడింది. పైకి వచ్చేసరికి ఊపిరి సన్నగా ఆడుతోంది. కంటికి కనిపించే పొగ పోయింది గాని, దాని విషం బావిలోనే ఉండిపోయింది. ఇంతవరకు నా సైన్సుకు అందుతుంది. ఇంకాసేపు లోపలే ఉంటే బతికేవాడు కాదని తర్వాత డాక్టర్ అన్నాడు.

పికప్‌లో పడుకోబెట్టి అదే ఆసుపత్రికి తీసుకుపోయాం. గేటు దగ్గర సానీ ఫోన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక ఎవరున్నారో చూడకముందే, మేం నోరు తెరవకముందే, “అన్నకేమైంది?” అన్నాడు. కళ్ల డాక్టర్ కోసం కూర్చున్న తల్లి, అజాన్‌కు కాస్త ముందు, ఉన్నట్టుండి ఇద్రీస్ పేరు పైకి అందట. అని, సిగ్గుతో కొంగు ముఖం మీదికి లాక్కుందట. అప్పటినుంచి అతను అన్నకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, కలవడం లేదు.

నేను ఊరుకోలేదు. ఆ గొంతు ఫోన్‌లోంచి వచ్చిందేమోనని ఫోన్లు చూశాను, బావి దగ్గర సిగ్నలే లేదు. భ్రమ అనుకుందామంటే, ఆ గొంతు గురించి ముందు మాట్లాడింది రాజన్న. ఫులానీలు ఆవులను పేర్లతో పిలుస్తారు కదా అని మంద దగ్గరకు పోయి, ఇద్రీస్ అనే ఆవు ఉందా అని కూడా అడిగాను.

“ప్రవక్త పేరు గొడ్డుకు పెడతామా?” అని నవ్వాడు కాపరి. “నీకు ఎండ దెబ్బ తగిలినట్టుంది, నీడకు పో.”

ఒక్క పరీక్ష మిగిలింది. ఆమె ఆ పేరు మళ్లీ ఒకసారి పిలిస్తే, నేను విన్న గొంతు అదేనో కాదో తేలిపోతుంది. సానీ చేత అడిగించాను. ఆమె తల అడ్డంగా ఊపి గోడవైపు తిరిగింది. రెండోసారి అడగడానికి నాకు నోరు రాలేదు.

మేం తిరుగు ప్రయాణమైన రోజు ఇద్రీస్ పికప్ దాకా వచ్చాడు. ఇంకా నీరసంగానే ఉన్నాడు. డోరు వెయ్యనివ్వకుండా పట్టుకుని నిలబడ్డాడు.

“ఎలా పిలిచింది భాయ్?” అన్నాడు. “నాకప్పుడు స్పృహ లేదు. అమ్మ నోట నా పేరు నేనెప్పుడూ వినలేదు.”

ఆ గొంతు బావి గట్టుకు ఎలా వచ్చిందో నాకు తెలియదు. నాకు తెలిసిన ఏ లెక్కలోకీ అది రాదు. ఎలా పిలిచిందో మాత్రం తెలుసు. చివర కొంచెం సాగదీసి, పిలిచి చూపించాను.

“ఇంకోసారి,” అన్నాడు.