గేటు నుంచి ఇరవై రెండు అడుగులు

మదనపల్లె సమాధుల తోటలో భార్య జ్ఞానమ్మను వెతుక్కోవడానికి సత్యవేదం మాస్టారికి సిలువ గుర్తు కూడా అక్కర్లేదు. గేటు నుంచి నేరుగా ఇరవై రెండు అడుగులు, అక్కడ కుడికి తిరిగి తొమ్మిది. ముప్పై ఏళ్లు భూగోళం చెప్పినవాడికి అదెంత పని! పూడ్చిన మర్నాడే కొలిచి డైరీలో రాసుకుని, కుప్పంలో కూతురు కరుణ ఇంటికి వెళ్లి మూడు నెలలుండి వచ్చాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఆ మట్టిదిబ్బ పక్కన కూర్చుని మనసులో మాటలన్నీ చెప్పుకున్నాడు.

ఆ మాటల్లో సగం హెడ్మాస్టరు డేనియల్ మీద చాడీలే. బడికి ఆలస్యమైనప్పుడల్లా, దేశానికంతా గడియారం దిద్దే రేఖాంశం మనకు నాలుగు డిగ్రీలు తూర్పున ఉంది, మదనపల్లెకు సూర్యుడే పదహారు నిమిషాలు ఆలస్యంగా వస్తాడు, నేనెంత అంటే ఆ మహానుభావుడు ఏనాడూ ఒప్పుకోలేదు. రిజిస్టరులో ఎర్రగీత పెట్టేవాడు. ఆయన పోయిన కబురు కుప్పంలో ఉండగా తెలిసింది.

ఏడాది తిరిగాక పుంగనూరులో చెక్కించిన రాయి ఆటోలో వచ్చింది. గోతులు తవ్వే గంగులయ్య గడ్డపార పట్టుకుని నిలబడ్డాడే గానీ తవ్వలేదు.

"ఈడ రాయి యాల సార్? ఈడ ఉండేది హెడ్మాస్టరు సారు గదా. వాళ్లోళ్లు ఇంకా రాయి పెట్టలా."

"లెక్క సూసుకో అప్పా. గేటు నుంచి..."

"ఏ గేటు సార్? మీరు కుప్పంలో ఉన్నెప్పుడు రోడ్డు పెద్దది చేసి, గేటును పన్నెండడుగులు పక్కకు జరిపినారు. అమ్మ ఆ పక్క ఉండాది."

మాస్టారు గేటు వైపు తిరిగి చూశాడు. సున్నా రేఖాంశం ఆకాశం నుంచి ఊడిపడలేదు, మనుషులు కూడబలుక్కుని గ్రీనిచ్‌లో పెట్టుకున్నారు, దాన్ని జరిపితే ప్రతి ఊరి అంకె మారుతుందని పిల్లల చెవులు మెలిపెట్టి చెప్పిన మొనగాడు తనే. దీపం కిందే చీకటి.

"ఇన్నాళ్లూ యాల సెప్పలేదప్పా?"

"మీరు ఏడుస్తా ఉంటిరి సార్. హెడ్మాస్టరంటే అంత ప్రేమేమో అనుకుంటి."

డేనియల్ మీద చాడీలు డేనియల్‌కే చెప్పుకున్నాడన్నమాట! నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. జ్ఞానమ్మ దగ్గరికి ఇన్నాళ్లూ ఎవరూ రాలేదు.

పన్నెండడుగులు నడిచాడు. దిబ్బ మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. గంగులయ్య సాయం వస్తే వద్దని, కూర్చుని రెండు చేతులా పీకాడు.

"ఈసారి పదహారు నిమిషాలు కాదు జ్ఞానమ్మా, ఏడాది ఆలస్యం" అన్నాడు.

రాయి నిలబెట్టాక పక్కనున్న ఖాళీ చూపించాడు.

"ఈ రాయి నుంచి మూడడుగులు కొలిచి పెట్టుకో అప్పా. అది నాకు. గేటు లెక్క మాత్రం వద్దు."